నాలుగో వంతు గెలుపు

కోర్టు తీర్పులు చదివేటప్పుడు నాకో అలవాటుంది. ఎవరు గెలిచారో చూడ్డానికి ముందు చివరి పేజీకి పోతాను. అమెరికా సుప్రీంకోర్టు 1977లో ఇచ్చిన డోథార్డ్ వర్సెస్ రాలిన్సన్ తీర్పు దగ్గర ఆ అలవాటు పనిచెయ్యలేదు.

డయాన్ రాలిన్సన్‌కి అప్పుడు 22 ఏళ్లు. డిగ్రీ చదువుకుంది. అలబామాలో జైలు గార్డు ఉద్యోగానికి అప్లై చేస్తే, 120 పౌన్ల బరువు, అంటే సుమారు 54 కిలోలు, లేదని తిప్పి పంపేశారు. ఎత్తు కూడా 5 అడుగుల 2 అంగుళాలు ఉండాలి. 'ఆడవాళ్లు వద్దు' అని రూలులో ఎక్కడా లేదు. కానీ ఆ రెండు కొలతలూ కలిస్తే దేశంలో 41 శాతం ఆడవాళ్లు బయటే ఉండిపోతారు. మగవాళ్లలో ఒక శాతం కూడా పోరు.

పైకి సమానంగా కనిపించే రూలు కూడా వివక్షే కావచ్చన్న వాదన ఆమె కోసం పుట్టింది కాదు. 1971లో డ్యూక్ పవర్ కంపెనీ మీద నల్లజాతి కార్మికులు గెలుచుకున్నది. అదే ఏడాది సెప్టెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆటికా జైల్లో ఖైదీలు తిరగబడ్డారు. ఖైదీల్లో సగానికి పైగా నల్లవాళ్లు, గార్డులు దాదాపు అందరూ తెల్లవాళ్లు. నల్లజాతి, స్పానిష్ మాట్లాడే గార్డుల్ని తీసుకోవాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. తిరుగుబాటులో, దాన్ని అణచడంలో మొత్తం 43 మంది చనిపోయారు. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుందన్నది చిన్న విషయం కాదని అప్పటికే తెలిసిపోయింది.

రాలిన్సన్ కేసులో ఎత్తు, బరువు రూలుని కోర్టు కొట్టేసింది. అక్కడిదాకా చదివి సంబరపడ్డాను. ఆ తర్వాత మెలిక. మగ ఖైదీల కట్టుదిట్టమైన జైళ్లలో, ఖైదీలతో నేరుగా మెలిగే ఉద్యోగాలకి ఆడవాళ్లని తీసుకోకపోవడం సబబేనట! ఎందుకంటే అలబామా జైళ్లలో హింస ఎక్కువ, అక్కడ ఆడ గార్డు ఉండటమే ప్రమాదమట. ఆ జైళ్ల పరిస్థితి రాజ్యాంగ విరుద్ధమని 1976లోనే ఫెడరల్ జడ్జి ఫ్రాంక్ జాన్సన్ తేల్చేశాడు. అంటే ప్రభుత్వం చేసిన తప్పే ఆమెకి అనర్హత అయింది.

దీన్ని ఒప్పుకోనివాళ్లలో థర్‌గుడ్ మార్షల్ ఒకడు. ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి. ఖైదీ దాడి చేస్తే ఖైదీని శిక్షించాలి గానీ ఆడవాళ్లకి ఉద్యోగాలు లేకుండా చెయ్యడమేంటన్నది ఆయన వాదన. నల్లవాళ్లు తెచ్చుకున్న న్యాయం ఇంకొకరి దగ్గర సగంలో ఆగిపోవడం ఆయనకెలా అనిపించి ఉంటుందో అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఇంతకీ ఆమె గెలిచిందా? మిగిలిన రూలు ప్రకారం మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లు పోటీపడగలిగేది అలబామా గార్డు ఉద్యోగాల్లో దాదాపు 25 శాతానికే. ఆ లెక్క కూడా తీర్పులోనే ఉంది.