‘జ్ఞా’ మీద పడిన నింద

మద్దికెరలో గాని, ఆదోనిలో గాని ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ‘విజ్ఞానము’ అని వ్రాసినపుడు సుద్దముక్క విరగవచ్చునేమో కాని బల్ల కూలిపోదు. 2018 ఫిబ్రవరి నడుమ మాత్రం ఇంచుమించు అటువంటి వింతే జరిగినది. ‘జ్ఞా’ వలె కనబడే ఒక తెలుగు అక్షరం సందేశంగా చేరగానే ఐఫోనులలో వాట్సాప్ వంటి ప్రోగ్రాములు ఠక్కున ఆగిపోయినవి. తిరిగి తెరిచినా అక్షరం అక్కడే ఉన్నది కనుక తిరిగి ఆగిపోయినవి. నేరమంతా తెలుగుదే అన్నట్లు దేశదేశాల పత్రికలు వ్రాసినవి.

నింద ఎంతవరకు నిజమో చూతము. కంప్యూటరు అక్షరాన్ని బొమ్మగా దాచదు, సంఖ్యగా దాచును. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 3072 మొదలు 3199 వరకు సంఖ్యలు కేటాయించినారు. ‘జ్ఞా’కు నాలుగు సంఖ్యలు చాలును: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘపు గుర్తు 3134. వీటివల్ల ఏ ఫోనూ ఆగలేదు. ఆగిన మాటలో ఞకు, దీర్ఘానికి నడుమ 8204 అనే ఐదవ సంఖ్య దాగి ఉన్నది. అది కంటికి కనబడని గుర్తు. పక్క అక్షరాలు కలిసిపోకుండ అడ్డు నిలుచుట దాని పని. ‘ఫేస్‌బుక్’ అన్న మాటలో బకారం వత్తుగా మారకుండ ఆపేది అదే. వత్తుకు, దీర్ఘానికి మధ్య దానికి పని లేదు. అయినను, పని లేని గుర్తు కనబడితే విడిచిపెట్టవలెను గాని కూలిపోవుట యంత్రానికి తగునా?

ఇటువంటి లోపాన్ని వెదకుటలో ఒక చిక్కు కలదు. తెరమీద అక్షరాలు పేర్చే భాగము ఫోనులోని ప్రోగ్రాములన్నిటికీ ఉమ్మడి. ఆ కంపెనీ కంప్యూటరులలోను అదే భాగము ఉన్నది. ప్రోగ్రాములు వ్రాసే పనిముట్లు సైతం దాని మీదనే ఆధారపడును. రోగిని పరీక్షింపబోయిన వైద్యుడే మంచమెక్కినట్లు, ఆ మాటను చూపబోయిన పనిముట్టే ఆగిపోవచ్చును. కనుక మాటను బొమ్మగా గాక సంఖ్యలుగా చూడవలెను. ఒక్కొక్కసారి ఒక్క సంఖ్యనే మార్చి ఫలితము గమనింపవలెను.

మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామరు ఈ విధముగనే అక్షరాలు మార్చి మార్చి చూచినాడు. లోపము ‘జ్ఞా’ ఒక్కదానిది కాదని తేలినది. హల్లు, పొల్లు, వత్తయ్యే మరొక హల్లు, 8204, అచ్చు గుర్తు – ఈ వరుసలో వస్తే బంగాళీ, దేవనాగరి మాటలు కొన్ని కూడ ఆపదే తెచ్చినవి. తెలుగులో ఐత్వము పెడితే మాత్రం ఏమీ కాలేదు! ఆ గుర్తును రెండు ముక్కలుగా గీయవలెను. ఆ తేడా వల్లనే అది తప్పించుకొన్నది.

ఈ లోపము 2017 సెప్టెంబరులో విడుదలైన ఐఓఎస్ 11వ కూర్పు గల ఫోనులలో బయటపడినది. అదే సమయాన పరీక్షలో ఉన్న 11.3 కూర్పు ఆ మాటను తొణకక చూపినది. ఆండ్రాయిడ్ ఫోనులకూ ఏమీ కాలేదు. అక్షరము అదే, సంఖ్యలు అవే; మారినది పేర్చే యంత్రభాగమే. ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పును, కంప్యూటరులకు వేరొక సవరణను విడుదల చేసి లోపము దిద్దినది.

పాఠశాలలో కంప్యూటరు ఉన్న విద్యార్థులు ‘సాఫ్ట్‌వేరు’ అని కొట్టి, ఆ మాటలోని సంఖ్యలను వరుసగా చూడగోరుదురు గాక. టకారపు పొల్లుకు, వకారానికి నడుమ 8204 కనబడును.