సిటీ కాలేజీ కుర్రాళ్ళు

మార్చి నెల వచ్చిందంటే అమెరికా ఆఫీసుల్లో కాలేజీ బాస్కెట్‌బాల్ జ్వరం మొదలవుతుంది. ఎన్.సి.ఏ.ఏ. టోర్నమెంటులో ఎవరు ఎవర్ని ఓడిస్తారో ముందే ఊహించి, గడులు నింపి, తలా అయిదో పదో డాలర్లు వేసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని మనవాళ్ళు కూడా రెండేళ్ళు తిరిగేసరికి ఈ సరదాలో పడిపోతారు.

ఈ టోర్నమెంటు చరిత్రలో ఒక రికార్డుంది. దాన్ని ఇక ఎవరూ బద్దలు కొట్టే వీలు లేదు. 1950లో ఒకే జట్టు, ఒకే నెలలో, దేశంలోని రెండు పెద్ద టోర్నమెంటులనూ గెలిచింది. ఒకటి ఎన్.సి.ఏ.ఏ., రెండోది ఎన్.ఐ.టి. (వరంగల్ గుర్తుకొస్తోందా? ఇది అది కాదు, నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంట్. ఆ రోజుల్లో దానికే ఎక్కువ పేరు.) తరువాత నిబంధనలు మారి, ఒకే జట్టు రెండింటిలో ఆడటమే కుదరకుండా పోయింది. ఆ జట్టు న్యూయార్క్ సిటీ కాలేజీది. గెలిచిన ఏడాది తిరక్కుండానే ఆ కుర్రాళ్ళు బేడీలతో పత్రికలకెక్కారు.

ముందు ఆ కాలేజీ సంగతి చెప్పాలి. హార్లెమ్‌లో, మెట్రో రైలు ఒకటో నంబరు మార్గంలో 137వ వీధి స్టేషన్‌కి సిటీ కాలేజీ పేరే పెట్టారు. 1847లో బీదవాళ్ళ పిల్లల కోసం మొదలైన ఈ కాలేజీలో 1976 దాకా ఫీజు లేదు. మార్కులుంటే చాలు. హార్వర్డ్, యేల్ లాంటి చోట్ల యూదు విద్యార్థుల సంఖ్యకు హద్దులు పెట్టుకున్న రోజుల్లో, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన దర్జీల, చిల్లర వ్యాపారుల పిల్లలకు ఇదే పెద్ద చదువు. పోలియో టీకా కనిపెట్టిన జోనస్ సాల్క్ ఇక్కడివాడే. మా కంప్యూటర్ రంగం మాట కొస్తే, ఇంటెల్‌ని నడిపిన హంగరీ శరణార్థి ఆండీ గ్రోవ్, ఇంటర్నెట్‌కి పునాది వేసిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ కాన్ కూడా 1960లో ఇక్కడే పట్టా పుచ్చుకున్నారు. వలస వచ్చినవాళ్ళకు చదువే ఆస్తి అని మనం ఈనాడు అనుకునే మాట, ఆ కొండమీది కాలేజీ వందేళ్ళ ముందునుంచీ చేసి చూపిస్తూ ఉంది.

1949-50 జట్టులో మొదట బరిలోకి దిగే అయిదుగురూ న్యూయార్క్ కుర్రాళ్ళే. ఇర్విన్ డాంబ్రాట్, ఎడ్ రోమన్, అల్ రాత్ యూదులు. ఎడ్ వార్నర్, ఫ్లాయిడ్ లేన్ నల్లజాతివాళ్ళు. డాంబ్రాట్ తప్ప మిగతా నలుగురూ రెండో సంవత్సరం విద్యార్థులు. కోచ్ నాట్ హోల్మన్ కూడా వలస కుటుంబంలో పుట్టినవాడే, ఒకప్పటి పేరుమోసిన ఆటగాడు. నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ ఒకే జట్టులో ఆడించడం చాలా రాష్ట్రాల్లో ఊహకు కూడా అందని కాలమది.

ఆ మార్చిలో వాళ్ళమీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు. సీజన్ చివరి ర్యాంకుల పట్టికలో మొదటి ఇరవైలో కూడా సిటీ కాలేజీ పేరు లేదు. అలాంటిది, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఎన్.ఐ.టి. మొదలయ్యాక ముందు శాన్‌ఫ్రాన్సిస్కోని 65-46తో ఓడించారు. తరువాత ఎదురైంది కెంటకీ. అడాల్ఫ్ రప్ శిక్షణలో అంతకుముందు రెండేళ్ళు వరుసగా ఎన్.సి.ఏ.ఏ. గెలిచిన, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జట్టు. ఆట మొదలయ్యేముందు చెయ్యి కలపబోతే కెంటకీవాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారని సిటీ ఆటగాళ్ళు తరువాత చెప్పుకునేవారు. ఆ రాత్రి స్కోరు 89-50. రప్ తన జీవితంలో అంత ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు. ఆపైన డుకేన్‌ని, మార్చి 18న ఫైనల్లో దేశంలో నంబర్ వన్ అయిన బ్రాడ్లీని 69-61తో ఓడించారు.

సరిగ్గా పది రోజులకు, మార్చి 28న, అదే గార్డెన్‌లో ఎన్.సి.ఏ.ఏ. ఫైనల్. ప్రత్యర్థి మళ్ళీ బ్రాడ్లీనే. చివరి క్షణాల్లో సిటీకి ఒక్క పాయింటే ఆధిక్యం. బ్రాడ్లీ తరఫున జీన్ మెల్కియోర్ బంతి లాక్కుని బుట్టకేసి దూసుకొచ్చాడు. డాంబ్రాట్ అడ్డుపడి బంతిని ఆపి, అవతలి కొసకు విసిరాడు. అంతకుముందే తలకు దెబ్బ తగిలి కుట్లు వేయించుకుని వచ్చిన నార్మ్ మేగర్ దాన్ని బుట్టలో వేశాడు. 71-68. ఆ సీజన్లో 24 గెలుపులు, 5 ఓటములు. ఫీజు కట్టలేని ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలు దేశాన్ని గెలిచారు. బ్రాంక్స్, బ్రూక్లిన్, హార్లెమ్ ఇరుకు ఇళ్ళల్లో ఆ గెలుపు ఎవరికి వారికి తమ పిల్లవాడి గెలుపే.

ఇక రెండో కథ. మన గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేల్లో ఏ కోడి గెలుస్తుందన్నదే పందెం. బలమైన కోడికీ బక్క కోడికీ పోటీ పెడితే పందెం కాసేవాడుండడు. ఈ చిక్కుని అమెరికా జూదగాళ్ళు ఒక లెక్కతో తప్పించారు. ఎవరు గెలుస్తారన్నది వదిలేసి, ఎంత తేడాతో గెలుస్తారన్న దానిమీద పందెం పెట్టారు. దీన్ని పాయింట్ స్ప్రెడ్ అంటారు. ఉదాహరణకు సిటీ కాలేజీకి ఆరు పాయింట్లు అని లెక్క కడితే, సిటీమీద డబ్బు పెట్టినవాడు నెగ్గాలంటే వాళ్ళు ఆరుకన్నా ఎక్కువ తేడాతో గెలవాలి. నాలుగు పాయింట్లతో గెలిస్తే కాలేజీ గెలిచినట్టే, పందెం ఓడినట్టే.

ఈ లెక్కలోనే విషం ఉంది. ఆటగాడితో బేరమాడేవాడు “ఓడిపో” అననక్కర్లేదు. “గెలువు, కాస్త తక్కువగా గెలువు” అంటే చాలు. పందొమ్మిదేళ్ళ కుర్రాడికి అది ద్రోహంలా కనిపించదు. అప్పటి కనీస వేతనం గంటకు 75 సెంట్లు. చేతిలో పెట్టే వెయ్యి డాలర్లంటే పదమూడు వందల గంటల పైచిలుకు కూలి. గార్డెన్‌లో పద్దెనిమిది వేలమంది టిక్కెట్లు కొని కూర్చుంటున్నారు. ఆ డబ్బు గార్డెన్‌కీ కాలేజీలకీ పోతోంది. ఆడేవాడికి మాత్రం చేతికేమీ రాదు.

1951 జనవరిలో ఆ పక్కనే ఉన్న మన్‌హాటన్ కాలేజీ జట్టులోని జూనియస్ కెలాగ్‌కి వెయ్యి డాలర్లు ఇస్తామన్నారు. ఆ కాలేజీ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడతను. కలిగినింటివాడు కాదు. అయినా తిన్నగా వెళ్ళి కోచ్‌తో చెప్పాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఫిబ్రవరి 18న ఫిలడెల్ఫియాలో ఆడి రైల్లో తిరిగొస్తున్న రోమన్, రాత్, వార్నర్‌లను పెన్ స్టేషన్‌లో పోలీసులు పట్టుకున్నారు. లేన్ అయినా మనకు మిగిలాడని విద్యార్థులు అతన్ని భుజాలమీదికెత్తుకున్నారు. కొద్ది రోజులకే లేన్ కూడా అరెస్టయ్యాడు. దాదాపు మూడువేల డాలర్లు తన గదిలోని పూలకుండీలో దాచిపెట్టి ఉన్నాయి. తరువాత డాంబ్రాట్, మేగర్, హెర్బ్ కోహెన్. మొత్తం ఏడుగురు. వాళ్ళు మామూలు సీజన్ ఆటలు కొన్నిటిని అమ్ముకున్నారు. ఆ రెండు టోర్నమెంటుల ఆటలమీద మాత్రం నేరం మోపలేదు.

విచారణ సాగేకొద్దీ ఈ జాడ్యం ఒక్క న్యూయార్క్‌ది కాదని తేలింది. ఏడు కాలేజీల ఆటగాళ్ళు, 1947-50 మధ్య ఆడిన 86 ఆటలు బయటికొచ్చాయి. ఫైనల్లో ఓడిన బ్రాడ్లీవాళ్ళూ అందులో ఉన్నారు. జూదగాళ్ళు తన పిల్లల దరిదాపులకు కూడా రాలేరని ధీమాగా చెప్పిన రప్ జట్టు ఆటగాళ్ళు 1951 అక్టోబరులో పట్టుబడ్డారు.

శిక్షల లెక్క చూడండి. డబ్బు పంచిన జూదగాడు సాల్వటోర్ సొలాజోకి ఎనిమిది నుంచి పదహారేళ్ళ జైలు. వార్నర్‌కి ఆరు నెలలు. రాత్ సైన్యంలో చేరి జైలు తప్పించుకున్నాడు. మిగతావాళ్ళకు జైలు తప్పింది గాని, వృత్తి క్రీడాకారులుగా ఎన్.బి.ఏ. తలుపులు అందరికీ జీవితాంతం మూసుకుపోయాయి. సిటీలో కొందరు ఆటగాళ్ళను చేర్చుకోవడానికి వాళ్ళ స్కూలు మార్కులు దిద్దారని విద్యా బోర్డు విచారణలో బయటపడింది. ఆ మార్కులు దిద్దింది కుర్రాళ్ళయితే కాదు. హోల్మన్‌ని 1952లో సస్పెండ్ చేసి, 1954లో నిర్దోషి అని తిరిగి తీసుకున్నారు. కెంటకీ ఒక సీజన్ పోగొట్టుకుంది. రప్ 1972 దాకా అక్కడే కోచ్‌గా ఉన్నాడు. 1976లో లెక్సింగ్టన్‌లో కట్టిన పెద్ద స్టేడియంకి ఆయన పేరే పెట్టారు.

కుర్రాళ్ళు చేసింది తప్పు కాదని నేననను. అలా అంటే కెలాగ్‌కి అన్యాయం చేసినట్టే. కాని ఒకే తప్పులో పాలున్న పెద్దలు తమ కుర్చీల్లో ఉండగా, ఇరవయ్యేళ్ళవాళ్ళ పేర్లు మాత్రం బోనులో మిగిలిపోవడం న్యాయమని కూడా అనలేను. వలస కుటుంబంలో పిల్లవాడు గెలిస్తే వాడకట్టంతా గెలిచినట్టు, తప్పుచేస్తే వాడకట్టంతా తలదించుకున్నట్టు. మన పిల్లల పేర్లు స్పెల్లింగ్ పోటీలవేళ పత్రికల్లో చూసుకుని పొంగిపోయే మనకు ఆ తల్లిదండ్రుల పరిస్థితి ఊహించడం కష్టం కాదు.

వాళ్ళు బతుకులు మళ్ళీ మొదలుపెట్టారు. డాంబ్రాట్ పళ్ళ డాక్టరయ్యాడు. రోమన్ సైకాలజీలో డాక్టరేట్ చేశాడు. లేన్ బ్రాంక్స్ వీధి మైదానాల్లో పిల్లలకు ఆట నేర్పాడు. వాళ్ళలో ఒకడైన నేట్ ఆర్చిబాల్డ్ తరువాత ఎన్.బి.ఏ. మేటి ఆటగాళ్ళలో నిలిచాడు. సిటీ కాలేజీ మళ్ళీ ఎప్పుడూ పెద్ద పోటీలవైపు చూడలేదు. 1974లో ఆ కాలేజీ తన బాస్కెట్‌బాల్ కోచ్ ఉద్యోగాన్ని ఫ్లాయిడ్ లేన్‌కే ఇచ్చింది. 1988 దాకా ఆయన అక్కడే ఉన్నాడు, 2024లో పోయాడు. కాలేజీ క్షమించడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది. ఎన్.బి.ఏ. అదీ చెయ్యలేదు.