కొత్త ఇంజనుకూ ఒక ప్రొబేషన్

ప్రభుత్వోద్యోగంలో చేరిన ప్రతివారికీ ప్రొబేషన్ అంటే ఏమిటో తెలుసు. మన సర్వీసు నిబంధనల ప్రకారం నేరుగా నియమితుడైన ఉద్యోగి మూడేళ్ళ కాలంలో రెండేళ్ళు డ్యూటీ చేసి చూపించాలి. ఆ తరువాతనే ప్రొబేషన్ డిక్లేర్ అవుతుంది, సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడుతుంది. కొత్త మోటారు ఇంజనుకు కూడా ఇటువంటి కాలం ఒకటి ఉంది. ఇంగ్లీషువారు దాన్ని ‘రన్నింగ్ ఇన్’ అన్నారు, అమెరికావారు ‘బ్రేక్ ఇన్’ అన్నారు, మన మెకానిక్కులు ‘రన్నింగ్ పీరియడ్’ అంటారు. మామూలు కార్ల కంటే వేగంగా పరుగెత్తే స్పోర్ట్స్ కార్లకు ఈ నియమం మరింత కఠినం. ఎంత వేగం కోసం పుట్టిన బండి అయితే మొదట్లో అంత ఓర్పుగా నడపాలన్నమాట. ఈ ఆచారం ఎలా పుట్టింది, ఎలా మారుతూ వచ్చింది, ఇప్పటికీ ఎందుకు మిగిలి ఉంది అన్నది పాఠక మిత్రులతో పంచుకోవాలని ఈ చిన్న వ్యాసం. పిల్లలో మనుమలో కొత్త వాహనం కొనని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. కనుక ఇది వట్టి చరిత్రే కాదు, ఇంటికి పనికివచ్చే సంగతి కూడా.

ముందుగా ఇంజను లోపల ఏం జరుగుతుందో చూద్దాం. సిలిండరు అనే గొట్టంలో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. పిస్టన్ చుట్టూ గాడులలో రింగులుంటాయి. పైన మండిన గ్యాసు కిందికి జారిపోకుండా, కింది ఆయిలు పైకెక్కి మండిపోకుండా కాపలా కాసేవి ఈ రింగులే. సిలిండరు గోడ చూపుకు నున్నగా ఉన్నా నిజానికి అంత నునుపు కాదు. సానరాళ్ళతో దాని మీద ఏటవాలుగా, ఒకదానినొకటి ఖండించుకునే సన్నని గీతలు కావాలనే గీస్తారు. చాప అల్లికలా ఉండే ఆ గీతలలో ఆయిలు నిలుస్తుంది. గీతల మధ్యనున్న మిట్టలు కొత్త రింగుకు సన్నని ఆకురాయిలాగా పనిచేస్తాయి. మొదటి కొన్ని వందల మైళ్ళలో రింగూ గోడా ఒకదానినొకటి అరగదీసుకుని, చివరకు ఒకదానికొకటి అమరిపోతాయి. దీన్నే ‘రింగులు కూర్చోవడం’ అంటారు. ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. రింగును గోడకు అదిమిపెట్టేది దాని స్ప్రింగు గుణం ఒక్కటే కాదు. మండిన గ్యాసు రింగు వెనుకకు చేరి దాన్ని గోడ వైపు నెడుతుంది. ఈ మాట గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయేది సులువుగా బోధపడుతుంది.

జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి 1886 జనవరిలో పేటెంటు తీసుకున్నాడు. ఆ తొలి రోజుల్లో ఒక ఇంజను భాగం మరో ఇంజనుకు సరిపోయేది కాదు. ప్రతి భాగాన్నీ పనివాడు ఆకురాయితో రాసి, పక్క భాగానికి తగినట్లు సరిచేసి బిగించేవాడు. బిగువుగా బయటకు వచ్చిన ఇంజను నడుస్తూ నడుస్తూ వదులు కావలసిందే. ఈ పరిస్థితి మారుతోందని లోకానికి చూపిన సంఘటన 1908లో ఇంగ్లండులో జరిగింది. హెన్రీ లేలాండ్ నడిపిన అమెరికా కంపెనీ కాడిలాక్ తన కార్లు మూడింటిని బ్రూక్‌లాండ్స్ పందెపు ట్రాకు వద్ద పూర్తిగా విప్పించింది. భాగాలన్నీ కలిపేసి, మళ్ళీ మూడు కార్లుగా బిగించి, 500 మైళ్ళు పరుగెత్తించారు. ఎక్కడా ఆకురాయి పని పడలేదు. ఆ ఏటి డ్యూయర్ ట్రోఫీ కాడిలాక్‌కు దక్కింది. అదే 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుకు ఇంజనును ఫ్యాక్టరీలోనే ఎలక్ట్రిక్ మోటారుతో తిప్పి బేరింగులను కొంత నునుపు చేసేవారు. ప్రొబేషన్‌లో కొంత భాగం ఫ్యాక్టరీలోనే గడిచిపోయేదన్నమాట. మిగిలిన భాగం మాత్రం చాలా కాలం కారు కొన్నవాడి నెత్తిమీదనే ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండులో కొత్త కార్ల వెనుక అద్దానికి ఒక కాగితం అంటించి ఉండేది. ‘రన్నింగ్ ఇన్, ప్లీజ్ పాస్’ అని దాని మీది మాట. బండి కొత్తది, మెల్లగా పోతున్నాను, మీరు దాటి వెళ్ళండి అని వెనుకవారికి విన్నపం. ఇందులో తమాషా ఏమిటంటే, దేశంలోకెల్లా వేగమైన కారుకు కూడా ఈ విన్నపం తప్పేది కాదు. జాగ్వార్ కంపెనీ ఎక్స్‌కె 120 అనే స్పోర్ట్స్ కారును 1948 అక్టోబరులో లండన్ ప్రదర్శనలో పెట్టింది. గంటకు 120 మైళ్ళు పోతుందని ఆ పేరు. 1949 మేలో బెల్జియంలోని జబ్బెకె రోడ్డు మీద అది గంటకు 132 మైళ్ళు దాటి చూపించింది. దాని ఇంజనుకు రూపకల్పన యుద్ధకాలంలో, బాంబుల మంటలకు కాపలా కాసే రాత్రులలో కంపెనీ ఇంజనీర్లు కూర్చుని చేసుకున్న ఆలోచనల నుండి వచ్చింది. అదే ఇంజను పెద్దదై 1961లో ఇ-టైప్ అనే కారులోకి వచ్చింది. దాని వేగం గంటకు 150 మైళ్ళని ప్రకటించారు. అయితే కారుతో ఇచ్చిన పుస్తకంలో మాత్రం, మొదటి 1,000 మైళ్ళు ఇంజనును నిమిషానికి 2,500 చుట్లు దాటించవద్దని, తరువాతి 1,000 మైళ్ళు 3,000 దాటించవద్దని వ్రాసి ఉంది. అప్పటికి ఇంగ్లండు మోటారువేల మీద వేగపరిమితి అన్నది లేదు, 70 మైళ్ళ హద్దు 1965 డిసెంబరులో వచ్చింది. రోడ్డు అడ్డు చెప్పకపోయినా, సొంతదారుడు తనకు తానే అడ్డు చెప్పుకోవాలి.

ఎం.జి. కంపెనీ 1962లో తెచ్చిన ఎం.జి.బి. కారు పుస్తకంలో ఈ నియమాన్ని మూడు ముక్కల్లో చెప్పారు. మొదటి 500 మైళ్ళలో గంటకు 45 మైళ్ళు దాటరాదు. ఏ గేరులోనైనా యాక్సిలరేటరు అడుగంటా తొక్కరాదు. ఏ గేరులోనూ ఇంజను మూలిగేటట్లు నడపరాదు. మూడవది చాలామంది మరచిపోయే మాట. మెల్లగా పోవాలి కదా అని టాప్ గేరులోనే ఉంచి మిట్ట ఎక్కిస్తే బేరింగుల మీద బరువు పడుతుంది. అట్లాగే ఎప్పుడూ బలం పడనివ్వకుండా అతి సుతారంగా నడిపినా నష్టమే. గ్యాసు ఒత్తిడి చాలక రింగు గోడకు ఆనదు. గీతలలోని ఆయిలు వేడికి కాలి గాజుపూత వలె పేరుకుంటుంది. ఇక ఆ రింగులు కూర్చోవు, ఇంజను ఆయిలు తాగడం మానదు. అతివేగానికి పిస్టన్ పట్టేయడం ఒక ప్రమాదం, అతి నెమ్మదికి గోడ గాజుబారడం మరొక ప్రమాదం.

ఈ సంగతి చదువుకోకపోయినా మన డ్రైవర్లకు బాగా తెలుసు. 1978లో నేను పనిచేసే పంచాయతీ సమితి ఆఫీసుకు కొత్త జీపు వచ్చింది. దాని లాగ్ బుక్కు నా సీటులో ఉండేది. మా డ్రైవరు పెద్దాయన మొదటి వెయ్యి కిలోమీటర్లు 50 దాటనిచ్చేవాడు కాదు. జిల్లా కేంద్రంలో మీటింగు ఉందని బి.డి.ఓ. గారు తొందర పెడితే, “సార్, అరగంట ముందే బయల్దేరదాం. బండిని మాత్రం తొందర పెట్టకండి. ఇప్పుడు చెడితే మళ్ళీ బోరు చేయించిందాకా బాగుపడదు” అన్నాడు. అధికారి మంచివారు, నవ్వి అరగంట ముందే బయలుదేరారు. అదే నెలలో ఇంకొక సమితికి వచ్చిన జీపు మొదటి వారం నుండే క్యాంపులకు ఇష్టం వచ్చినట్లు తిరిగింది. రెండేళ్ళు తిరక్కుండా నీలిపొగ వదలసాగింది. ఇంజనాయిలు ఖర్చు ఎక్కువైందని ఆడిట్ పార్టీ అభ్యంతరం వ్రాసింది. అక్కడి డ్రైవరు జీతంలోంచి రికవరీ పెట్టేవరకు ఫైలు నడిచి, చివరకు మెకానిక్ రిపోర్టు మీద ఆగింది. కారణం ఇదొక్కటేనని నేను తీర్పు చెప్పను. రోడ్లూ సర్వీసింగూ కూడా లెక్కలోకి వస్తాయి. కానీ తొందరపెట్టినవారు ఒకరు, జవాబు చెప్పుకోవలసివచ్చినవారు మరొకరు అయిన సంగతి మాత్రం ఆ ఫైలులో స్పష్టంగా ఉంది.

క్రమంగా ప్రొబేషన్ భారం సొంతదారుని నుండి ఫ్యాక్టరీకి మారింది. సిలిండరు గోడను రెండు విడతలుగా సానపట్టి, మిట్టల కొసలను ముందే చదును చేసే పద్ధతి వచ్చింది. జర్మనీలోని మాలే కంపెనీ 1967లో నికసిల్ అనే పూతను తయారుచేసింది. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిసిన గట్టి పూత ఇది. పోర్షే వారు దీన్ని 917 రేసు కారులో వాడి, 1973 నాటి 911 కరేరా ఆర్.ఎస్.లోకి తెచ్చారు. ఆయిళ్ళూ మారాయి. సింథటిక్ ఆయిలు పోస్తే రింగులు కూర్చోవని ఒక నమ్మకం ఉండేది. అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో 1992 నుండి ఫ్యాక్టరీలోనే సింథటిక్ ఆయిలు పోసి పంపారు, రింగులు చక్కగానే కూర్చున్నాయి. ఆ నమ్మకం అక్కడితో తీరిపోవలసింది. కొందరి నోట ఇంకా వినబడుతూనే ఉంది.

అయితే ప్రొబేషన్ రద్దు మాత్రం కాలేదు. బి.ఎం.డబ్ల్యు. వారు ఎం3 వంటి కార్లకు మొదటి 2,000 కిలోమీటర్లు 5,500 చుట్లు, గంటకు 170 కిలోమీటర్లు దాటవద్దన్నారు. ఆ దూరం కాగానే ఆయిలు మార్చి సర్వీసు చేయించడం తప్పనిసరి అన్నారు. అరుగుదల వల్ల రాలిన సన్నని లోహపు పొడి ఆ ఆయిలుతో బయటకు పోతుంది. కొత్త టైర్లకు, బ్రేకులకు, గేర్లకు కూడా కొంత అలవాటు కావాలి. ఇక రేసు మెకానిక్కులలో కొందరు, మొదటి గంటలోనే ఇంజనుకు గట్టి బలం ఇవ్వాలంటారు. వారి మాటలో కొంత నిజం ఉంది, రింగు కూర్చోవడానికి ఒత్తిడి కావాలి. కానీ రేసు ఇంజనును బెంచీ మీద బిగించి, వేడినీ ఆయిలునూ కనిపెట్టి చూస్తూ, కొద్ది గంటలలో ఆ పని ముగిస్తారు. ఆ ఇంజను పదిహేనేళ్ళు ఇంటిల్లిపాదినీ మోయనక్కరలేదు. మన బండి మోయాలి.

కనుక గ్రాట్యుటీ సొమ్ముతోనో, బ్యాంకు అప్పుతోనో కొత్త బండి ఇంటికి వస్తే పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి. బండితో ఇచ్చిన పుస్తకం ముందు చదవాలి, అందులోని అంకెలే ప్రమాణం. ఇంజను వేడెక్కకముందే గట్టిగా తొక్కరాదు. ఒకే వేగంతో గంటల తరబడి పోకుండా, మధ్యస్థంగా పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. మొదటి సర్వీసు తప్పించరాదు. ఈ వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల ఓర్పు మీద తరువాతి లక్షల కిలోమీటర్లు ఆధారపడి ఉంటాయి.

ఎలక్ట్రిక్ కార్లలో పిస్టన్ లేదు, రింగు లేదు. వాటి టైర్లకూ బ్రేకులకూ తప్ప ఈ ప్రొబేషన్‌తో పనిలేదు. మన మనుమల పిల్లలకు ‘రన్నింగ్ ఇన్’ అన్న మాట తెలియకపోవచ్చు. పెట్రోలు బండి ఇంట్లో ఉన్నన్నాళ్ళు మాత్రం, అరగంట ముందు బయలుదేరదామన్న ఆ డ్రైవరు మాట కంటే మంచి సలహా నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.