పర్వతారోహకుని మూట

1952వ సంవత్సరము మే 27వ తేదీ రాత్రి, ఎవరెస్టు ఆగ్నేయపు అంచుపై సుమారు 8,400 మీటర్ల యెత్తున, ఒక చిన్న గుడారములో ఇద్దరు మనుష్యులు నిద్రలేక గడిపిరి. ఒకరు స్విట్జర్లండు దేశీయుడగు రేమండ్ లాంబర్ట్. రెండవవారు షెర్పా టెన్సింగ్ నార్కే. వారికి గుడారమున్నది గాని నిద్రసంచులు లేవు, స్టవ్వు లేదు. ఒక ఖాళీ డబ్బాలో మంచుముక్కలు వేసి, క్రొవ్వొత్తి మంటపై కరగించి, వచ్చిన గుక్కెడు నీటితో గొంతు తడుపుకొనిరి. రక్తము గడ్డకట్టకుండ ఒకరినొకరు చరచుకొనుచు తెల్లవారించిరి. మరునాడు సుమారు 8,600 మీటర్ల వరకు పోయి, ఇక అడుగు పడక వెనుదిరిగిరి.

అంతటి అనుభవజ్ఞులు స్టవ్వు మరచిపోయిరా? లేదు. ఆ దినము వారు రాత్రి గడుపుటకై బయలుదేరలేదు. వాతావరణము అనుకూలముగా నుండుట చూచి ఉండిపోయిరి. వెంట వచ్చిన మిత్రులిద్దరు గుడారమును వారికి విడిచి క్రిందికి దిగిపోయిరి. అంత యెత్తున అదనముగా మోయు ప్రతి పౌనును గూర్చియు తర్కించుకొనవలసియుండును.

ఈ బరువు లెక్క సులభమైనదే. ఒక కూలీ 60 పౌనులు, అనగా సుమారు 27 కిలోలు మోయుననుకొందము. దినమునకు రెండు పౌనుల తిండి తినునెడల ముప్పది దినములలో తాను మోసినదంతయు తానే తినివేయును! తిరిగివచ్చుటకును తిండి కావలెను గనుక, పదునైదు దినముల దూరమునకు మించి అతడు పైవారికి గింజ కూడ చేర్చలేడు. అందుచేతనే 1953లో ఎవరెస్టుకు పోయిన బ్రిటిషు బృందము 10,000 పౌనుల సామానును 350 మందికి పైగా కూలీలచే ఖాట్మండు లోయనుండి రెండు వారములకు పైగా మోయించినను, చిట్టచివరి మజిలీకి చేరినది ఒక గుడారము, కొన్ని మూటలు మాత్రమే.

కావున పర్వతారోహణ చరిత్రలో ఒక భాగము బరువు తగ్గించుకొను చరిత్ర. ఆల్ప్సు పర్వతములలో మాటర్‌హార్న్ శిఖరమును 1865లో మొదట ఎక్కిన ఎడ్వర్డ్ వింపర్ వృత్తిచే చిత్రములు చెక్కువాడు. అంతకు ముందు చేసిన ఒక ప్రయత్నమున, లండనులో చూచుటకు ముచ్చటగా నున్న గుడారము కొండగాలికి మేకులు ఊడి ఎగిరిపోజూడగా, దానిని విప్పి దానిపైననే కూర్చుండవలసి వచ్చెను. తరువాత అతడు స్వయముగా ఒకదానిని రూపొందించెను. ఇరుచివరల రెండేసి కర్రలు కత్తెరవలె కూర్చబడినవి. ప్రక్క ఆరడుగులు, అడుగు ఆరడుగులు. పైన కోరా గుడ్డ, క్రింద రబ్బరు పూసిన గుడ్డ. ఈ క్రింది గుడ్డను ప్రక్కలకు కొంత ఎత్తి కుట్టుటచే గాలి చొరబడదు. నలుగురు పండుకొనగల ఈ గుడారము బరువు సుమారు 23 పౌనులు. ఆ తరువాత మమ్మెరీ అను ఆంగ్లేయుడు పట్టుగుడ్డతో మరియు తేలికయైన దానిని వాడెను. దానికి కర్రలు కూడ మోయనక్కరలేదు. చేతనుండు మంచుగొడ్డలులే నిలువు కర్రలు! అందులో ప్రాకుటయే గాని లేచి నిలుచుటకు వీలులేదు.

గుడారము తేలికయైన కొలది, దానిలో ఏమి పెట్టవలెనను ప్రశ్న మిగిలినది. చలి సంగతి అందరికిని తోచును. దాహము తోచదు. పై గాలి చల్లనిది, పొడియైనది, పలుచనిది. మనిషి రొప్పుచు విడుచు ప్రతి శ్వాసతోను నీరు ఆవిరియై పోవును. చుట్టును మంచే యున్నను త్రాగుటకు చుక్క నీరుండదు. సున్న డిగ్రీల మంచు ఒక గ్రాము కరగుటకే 80 కేలరీల వేడి కావలెను. మంచు మైనస్ 20 డిగ్రీలలో నున్నచో దానిని సున్నకు తెచ్చుటకు మరి 10 కేలరీలు. 8,500 మీటర్ల యెత్తున గాలి ఒత్తిడి తక్కువగుటచే నీరు సుమారు 72 డిగ్రీలకే మరగును. అనగా మరగించుటకు 72 కేలరీలు చాలును గాని, కరగించుటకు 90 పట్టును! (ఆ నీటిలో కందిపప్పు ఎంతసేపు కాచినను ఉడకదు.) ఇంధనములో సగమునకు పైగా నీటిని "తయారుచేయుటకే" పోవునన్నమాట. క్రొవ్వొత్తికి ఇది సాధ్యమగు పని కాదు.

ఈ పనికి తగిన పరికరము 1892లోనే స్వీడనులో పుట్టినది. లిండ్‌క్విస్ట్ నిర్మించిన ప్రైమస్ స్టవ్వులో వత్తి లేదు. పంపుతో ఒత్తిడి కల్పింపగా కిరసనాయిలు వేడి గొట్టములో ఆవిరియై నీలిమంటతో మండును. ఒకప్పుడు మన యిండ్లలో బుస్సుమని మండిన పంపుస్టవ్వు దీని కోవలోనిదే. ధ్రువయాత్రికుడు నాన్సెన్ దీని విలువను ముందే గుర్తించెను. ఎవరెస్టు విషయమున ఆ గుర్తింపు ఆలస్యముగా కలిగినది. 1952లో చో ఓయు పర్వతముపై పరిశోధనలు జరిపిన శరీరశాస్త్రజ్ఞుడు గ్రిఫిత్ ప్యూ, ఆరోహకులు త్రాగవలసినంత నీరు త్రాగుటలేదని గ్రహించి, స్టవ్వులను మెరుగుపరచవలెననియు, ఇంధనము పెంచవలెననియు పట్టుబట్టెను. బరువు తగ్గించుకొనుటకై అందరును తంటాలుపడుచున్న చోట బరువు పెంచుమనుట సాహసమే!

1953 మే 28న హిల్లరీ, టెన్సింగులు సుమారు 8,500 మీటర్ల యెత్తున గుడారము వేసిరి. జార్జి లోవ్, ఆల్‌ఫ్రెడ్ గ్రెగరీ, ఆంగ్ నీమా అక్కడివరకు మూటలు మోసి తిరిగిపోయిరి. రెండు దినములకు ముందు హంట్, దా నంగ్యాల్ అనువారలు కొంత క్రిందుగా వదలిన సామానును కూడ దారిలో ఎత్తుకొనుటచే హిల్లరీ వీపున 60 పౌనులకు మించినది. ఆ రాత్రి స్టవ్వు వెలిగినది. వేడివేడి సూపు, నిమ్మరసము కడుపార త్రాగిరి. గత సంవత్సరము దీనికి కొంత క్రిందుగా క్రొవ్వొత్తితో కూర్చుండిన టెన్సింగునకు ఆ తేడా మరియొకరు చెప్పనక్కరలేదు. లాంబర్ట్ బృందపు ఓటమికి స్టవ్వు లేకపోవుట ఒక్కటే కారణము కాదు. వారి ఆక్సిజను పరికరములు నడచునపుడు సరిగా పనిచేయకపోవుట మరింత పెద్ద కారణము.

తెల్లవారుసరికి, విప్పి ప్రక్కన పెట్టిన హిల్లరీ బూట్లు రాయివలె గడ్డకట్టియుండెను. స్టవ్వు మంటపై రెండు గంటలపాటు కాచిన పిమ్మటగాని అవి పాదమునకు పట్టలేదు. ఆరున్నరకు బయలుదేరి పదకొండున్నరకు శిఖరము చేరిరి. మధ్యాహ్నము వారు తిరిగివచ్చునప్పటికి గాలి గుడారమును సగము ఊడబెరికియుండెను. టెన్సింగ్ లోనికి దూరి స్టవ్వు వెలిగించి, చక్కెర దండిగా వేసి నిమ్మరసము కాచెను.