రాఢ నుంచి మందడం దాకా

కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్ నుంచి ఖిదిర్‌పూర్ రేవు మీదుగా వెళ్తే హుగ్లీ నది. అవతలి గట్టు హావ్‌డా. ఆ పడమటి గట్టు నుంచి మొదలయ్యే నేలని పూర్వం రాఢ అనేవారు. అక్కడి పూర్వగ్రామం అనే ఊరి మనిషి 13వ శతాబ్దంలో మన కృష్ణ ఒడ్డుకు వచ్చి మఠం కట్టాడు. ఆయన విశ్వేశ్వర శివాచార్యుడు. కాకతి గణపతిదేవుడు ఆయన దగ్గర శైవదీక్ష పుచ్చుకుని, ఆయనకు కొడుకునని చెప్పుకున్నాడు. కలకత్తాలో బతుకుతున్న తెలుగువాణ్ణి కాబట్టేమో, ఎదురు దిశలో సాగిన ఆ ప్రయాణం నన్ను వదలదు.

విశ్వేశ్వరుడిది గోళకీ మఠమనే శైవ సంప్రదాయం. డాహల దేశపు కలచురి రాజు యువరాజదేవుడు ఈ గురుపరంపరలోని సద్భావశంభుకు 3 లక్షల గ్రామాలిచ్చాడని మల్కాపురం శాసనం చెబుతుంది. ఆ కాలపు శైవమఠం ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే మధ్యప్రదేశ్ సీధీ జిల్లాలోని చంద్రేహేకు వెళ్లాలి. పక్కనే గుడితో, 10వ శతాబ్దపు రాతి మఠం శిథిలంగానైనా ఇంకా నిలిచి ఉంది.

మన మఠానికి మిగిలిన పెద్ద సాక్ష్యం గుంటూరు జిల్లా మల్కాపురంలో నంది కూర్చున్న శాసన స్తంభం. కాలం 1261. గణపతిదేవుడు మాటిచ్చిన మందడాన్ని, దానితోపాటు వెలగపూడిని రుద్రమదేవి ధారపోసింది. విశ్వేశ్వరుడు గుడి, మఠం, అన్నసత్రం కట్టించి, 60 బ్రాహ్మణ కుటుంబాలకు తలా 2 పుట్ల భూమి ఇచ్చి అగ్రహారం నిలిపాడు. మిగిలిన భూమిని మూడు వాటాలు వేశాడు. ఒకటి దేవుడికి. ఒకటి మఠానికి, చదువుకునే పిల్లలకు. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, బ్రాహ్మణ సత్రానికి.

ఆ మూడో వాటా దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. 760 ఏళ్ల క్రితం, ఒక సన్యాసి, పురుడు పోసుకునే ఆడవాళ్ల కోసం భూమి విడిగా రాయించాడు! వేదాలకు ముగ్గురు, తర్కసాహిత్యాగమాది శాస్త్రాలకు ఐదుగురు అధ్యాపకులు. వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు సరేసరి. ఆటపాటలకూ మనుషుల్ని పెట్టాడు. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా, ఆకలితో ఎవరొచ్చినా వడ్డించాలని నియమం. కులం లెక్కలు అగ్రహారంలో ఉన్నాయి, బ్రాహ్మణ సత్రం వేరుగానే ఉంది. అయినా ఆకలి దగ్గర తలుపు మూయలేదు.

జయంతి రామయ్య పంతులు ఈ శాసనాన్ని పరిష్కరించి ప్రచురించారు. నేడు వెలగపూడి అంటే అందరికీ సచివాలయమే గుర్తొస్తుంది. అక్కడికి పనిమీద వెళ్లేవాళ్లు కాస్త వీలు చూసుకుని మల్కాపురం దాకా వెళ్లిరండి. స్తంభం చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరగండి. రాఢ నుంచి వచ్చినాయన ఊరిపేరు ఆ అక్షరాల్లోనే ఉంది.