కథలోని రేపటికి లెక్క సరిపోవునా?

1923 జూన్ నెలలో లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ నాటకశాలలో ఒక చిత్రమైన సభ జరిగినది. ఒక నాటకానికి అర్థమేమి, అందులోని మనుషులు చేసిన పని సబబా కాదా అని బెర్నార్డ్ షా, చెస్టర్టన్ వంటి పెద్దలు వేదికనెక్కి వాదించుకొన్నారు. ఆ నాటకం పేరు ‘ఆర్. యు. ఆర్.’ చెక్ రచయిత కారెల్ చాపెక్ దానిని 1920లో రచించినాడు. ‘రోబో’ అన్న మాట లోకానికి దానివల్లనే పరిచయమైనది.

కథ ఇది. ఒక ద్వీపంలోని కర్మాగారంలో కృత్రిమ మానవులను తయారు చేయుదురు. పనులన్నీ వారే చేసిపెట్టగా, సోమరులైన మనుషులకు పిల్లలు పుట్టుట ఆగిపోవును. ఇది చూచి భయపడిన హెలెనా అను స్త్రీ తయారీ రహస్యమున్న వ్రాతప్రతిని నిప్పులో వేయును. తరువాత రోబోలు తిరగబడి భవనాన్ని చుట్టుముట్టినప్పుడు, ఆ ప్రతిని ఇచ్చి ప్రాణాలు దక్కించుకొనవచ్చునని తక్కినవారు ఆశపడుదురు. తీరా చూచిన ప్రతి లేదు. హెలెనా చేసినది తప్పా? దీనికన్న చిన్నదే గాని మొండిదైన ప్రశ్న మరొకటి కలదు. లోకమంతటికీ రోబోలను పంపు కర్మాగారంలో ఆ రహస్యానికి ఒకే ప్రతి ఎందుకుండవలెను? మిర్యాలగూడ బియ్యపు మిల్లులో సైతం లెక్కల పుస్తకానికి నకలు ఉండును కదా!

ఈ వాదాలకు చాపెక్ ఒక లండన్ పత్రికలో జవాబు వ్రాసినాడు. అందరూ రోబోలను గురించి మాట్లాడుచున్నారు, తన ఆసక్తి మాత్రం మనుషులపైననే అని అతని ఫిర్యాదు. నాటకంలో ప్రతి ఒక్కరిదీ ఎవరి మట్టుకు వారికి ఒప్పే. ఒప్పుకూ తప్పుకూ కాదు, ఒప్పుకూ ఒప్పుకూ మధ్యనే పోరాటమని అతని అభిప్రాయం. ఆ జవాబు హెలెనా విషయంలో చెల్లును. నకలు విషయంలో చెల్లదు. మొదటిది మనిషి నిర్ణయం. రెండవది కథలోని లెక్క. వాదించువారు ఈ రెండింటినీ తరచు కలగాపులగం చేయుదురు.

టెలివిజన్‌లో ప్రసారమైన తొలి వైజ్ఞానిక కల్పన కూడ ఈ నాటకమే అందురు. 1938 ఫిబ్రవరి 11న బి.బి.సి. 35 నిమిషాల భాగాన్ని ప్రసారం చేసినది. 1954 డిసెంబరు 12న ఆర్వెల్ నవల ‘1984’ను నాటకంగా చూపినప్పుడు గగ్గోలు బయలుదేరినది. పార్లమెంటులో దానిని ఖండించుచూ తీర్మానాలు వచ్చినవి, సమర్థించుచూ వచ్చినవి. నటులు నాలుగు రోజుల తరువాత మరల నాటకమంతా ప్రత్యక్షంగా ఆడి చూపినారు. భయంకరమైన భవిష్యత్తును ఇంటి ముందుగదిలోనికి తెచ్చుట ఆనాటికి కొత్త.

మన హైదరాబాదుకు దూరదర్శన్ 1977లో వచ్చినది. చెడిపోయిన రేపటి లోకాన్ని తెలుగువారికి కన్నులకు కట్టించినది మాత్రం సినిమాయే. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైనది. కాలయంత్రమెక్కిన కృష్ణకుమార్, హేమ మొదట 1526 నాటి విజయనగరానికీ, పిదప 2504వ సంవత్సరానికీ పోవుదురు. అప్పటికి మూడవ ప్రపంచ యుద్ధం జరిగిపోయినది. పైన రేడియోధార్మికత, జనులు భూగర్భంలో కాపురముందురు. చెర్నోబిల్ ప్రమాదం జరిగి అప్పటికి ఐదేళ్లే గనుక, ఆ దృశ్యం ఉత్తి కల్పనగా తోచలేదు.

ఇది విజ్ఞాన శాస్త్రపు తరగతిలో వేయదగిన లెక్క. అణుబాంబు పేలిన తరువాత రాలు ధూళిలోని తీవ్రత మొదట చాల వేగంగా తగ్గును. కాలం ఏడు రెట్లయినప్పుడెల్ల తీవ్రత సుమారు పదవ వంతగును. పేలిన గంటకు ఉన్నది 7 గంటలకు పదవ వంతు, 49 గంటలకు నూరవ వంతు, సుమారు రెండు వారాలకు వేయవ వంతు. ఆ పిమ్మట మిగిలి బాధించువానిలో ముఖ్యమైనవి సీజియం-137, స్ట్రాన్షియం-90. రెంటి అర్ధజీవిత కాలం కూడ ఇంచుమించు 30 సంవత్సరాలు. 300 సంవత్సరాలకు పది సార్లు సగమై 1,024వ వంతు మిగులును. 500 సంవత్సరాలకు సుమారు లక్షవ వంతు. ప్లుటోనియం-239 సగమగుటకు 24,100 సంవత్సరాలు పట్టును గాని, దాని ఆల్ఫా కణాలను కాగితమైనా ఆపగలదు. ప్రమాదమంతా ఆ ధూళి ఊపిరితో లోనికి పోయినప్పుడే.

కనుక యుద్ధం 2490లో జరిగియున్నచో 2504లో జనులు నేలక్రింద దాగుట సబబే. 2004 ప్రాంతంలో జరిగియున్నచో అన్ని తరాల వారు దాగియుండుటకు ఈ లెక్క చాలదు. హిరోషిమా నేడు కళకళలాడు నగరం. చెర్నోబిల్ చుట్టు 30 కిలోమీటర్ల మేర నేటికీ నిషిద్ధ ప్రాంతమే. హిరోషిమా బాంబులో యురేనియం 64 కిలోలు. అదియును సుమారు 600 మీటర్ల ఎత్తున పేలినది. చెర్నోబిల్ రియాక్టరులో ఇంధనం సుమారు 190 టన్నులు. లెక్క చాలని చోట కథకు మరొక దారి కలదు: పైకి పోరాదని ఆ జనులకు చెప్పినదెవరు? స్వయంగా వెళ్లి కొలిచి చూచినదెవరు? అప్పుడది మరల మనిషి నిర్ణయమగును.

ఇదే చిత్రంలోని వజ్రం కథ మన ప్రాంతానికి దగ్గరది. గోలకొండ వజ్రాలకు పేరుపొందిన కొల్లూరు గని కృష్ణకు కుడి ఒడ్డున ఉండెడిది; ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయంలో మునిగినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఉన్న భూభాగం గోలకొండకూ కొల్లూరుకూ మధ్యనే కలదు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్ది నడుమ ఆ గనికి వచ్చి, అది సుమారు నూరేండ్ల క్రిందట బయలుపడినదని వ్రాసినాడు. అట్లయిన 1526లో రాయల చేతిలో కొల్లూరు వజ్రం ఉండుట కష్టం. కాని విజయనగరానికి వజ్రకరూరు వైపు గనులు ఉండెడివి. ఒక పరిమాణం మించిన రాళ్లు రాజుకే చెందవలెనను నియమాన్ని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ పేర్కొన్నాడు. కథకునికి ఈ పరీక్షలో మార్కులు ఇవ్వవచ్చును.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లోని సంవత్సరం కూడ లెక్కించి పెట్టినదే. కలియుగారంభమని చెప్పు క్రీ. పూ. 3102కు 2898 కలిపిన 6000. అయితే క్రీ. పూ. 1 వెనువెంట వచ్చునది క్రీ. శ. 1, సున్న సంవత్సరం లేదు. తనకు 23 ఏండ్ల వయస్సున, అనగా క్రీ. శ. 499లో, కలి 3,600 సంవత్సరాలు గడచినవని ఆర్యభటుడు చెప్పినాడు. ఆ చొప్పున 2898 నాటికి గడచునవి 5,999. ఒక్క సంవత్సరానికి ఎవరూ టిక్కెట్టు వాపసు అడుగరు.

నిజమైన చిక్కు 1526లోనే ఉన్నది. 1991 నుండి వెళ్లినవాడు, 1565 జనవరిలో విజయనగర సైన్యం ఓడిపోవుననీ, రాజధాని కొల్లగొట్టబడుననీ బడిలో చదువుకొన్నవాడు. రాయల ఎదుట నిలిచి ఆ మాట చెప్పవలెనా? చెప్పగా వారు జాగ్రత్తపడిరనుకొందము. అప్పుడు ఓటమి జరుగదు, పాఠ్యపుస్తకంలో ఆ పాఠముండదు, ఇతనికి చెప్పుటకు ఏమియు తెలియదు. చెప్పలేదనుకొందము. ఆ నగరపు వీధులలో తిరిగి, ఆ జనులతో మాట్లాడి, అన్నము తిని ఊరకుండుట ఎట్లు? పైగా రాయలు 1529లోనే మరణించినాడు. 1565 యుద్ధంలో తల కోల్పోయిన అళియ రామరాయలు ఆయనకు అల్లుడు. చెప్పవలసినది మామకా, అల్లునికా?