జీర్ణోద్ధరణము – చరిత్ర – ప్రాయశ్చిత్తము



కొనకనమిట్లలో మన శివాలయ జీర్ణోద్ధరణము ముగిసి కుంభాభిషేకము జరుగుచున్న ఈ పుణ్యసమయమున, సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయుమని పెద్దలు నన్ను ఆదేశించిరి. స్వామి మహిమను, దాతల ఔదార్యమును వర్ణించిన వ్యాసములు ఈ సంచికలో పెక్కు కలవు. నేను వేరొక విషయమును మనవి చేయదలచితిని. మతము పేర మన పూర్వులు చేసిన తప్పులను, ఆ మతమును ప్రాణముగా నమ్మిన మనము ఏ రీతిగా చూడవలెను?

ఆలయపు పని మొదలైన నాడు శిల్పులు ముందుగా క్రొత్త రాయి పెట్టలేదు. పాత సున్నమును గీకి, బీటలు ఎచట నున్నవో చూచిరి. బీటపై సున్నము పూసినచో చూపులకు బాగుండును గాని వాన కురియుట ఆగదు. శాస్త్రమును అదే చెప్పుచున్నది. కళాకర్షణము చేసి, స్వామిని బాలాలయమున నిలిపి, పనులు పూర్తియైన పిదప ప్రతిష్ఠకు ముందు ప్రాయశ్చిత్త హోమము చేయుదుము. తెలిసి చేసిన దోషములకు, తెలియక చేసిన దోషములకు శాంతి కోరుదుము. ఇన్నేండ్లును నేను ఆ మాటను మంత్రలోపమునకు, క్రియాలోపమునకు మాత్రమే అన్వయించుకొంటిని. అంతకు మించిన దోషములు కలవని చరిత్ర చెప్పుచున్నది.

మన ప్రాంతీయులకు శ్రీశైలము ఇలవేల్పు నిలయము. శ్రీశైలమునకు తూర్పు ద్వారమైన త్రిపురాంతకము మన పశ్చిమ ప్రకాశము సీమలోనే కలదు. శివరాత్రికి దోర్నాల అడవి దారిన కాలినడకన పోవు భక్తులను చిన్ననాటి నుండి చూచుచున్నాము. ఆ మల్లికార్జునుని ఆలయ స్తంభములపై ఒక సంస్కృత శాసనము కలదు. అది శాలివాహన శకము 1433, ప్రజోత్పత్తి సంవత్సరము, మాఘ బహుళ చతుర్దశి నాటిది. అనగా క్రీ.శ. 1512, శ్రీకృష్ణదేవరాయల కాలము. తిథిని బట్టి చూచిన అది మహాశివరాత్రి. శాంతుని కుమారుడైన లింగడను నాయకుడు స్వామికి చేసిన కైంకర్యములను ఆ శాసనము వర్ణించుచున్నది. ఆ పుణ్యకార్యముల వరుసలోనే, అతడు శ్వేతాంబర జైనుల తలలు నరికెనని గొప్పగా చెక్కించిరి.

ఎందరిని చంపెనను లెక్క కంటె, చంపుట పుణ్యముగా చెప్పబడుట నన్ను ఎక్కువగా కలచివేసినది. అహింసయే పరమధర్మమని పురాణము చెప్పు నోటితో ఈ మాటకు ఏమి సమాధానము చెప్పగలను? ఆ స్తంభముల నడుమనే ఎన్నో మారులు నేను నమస్కరించి వచ్చితిని.

ఇది వ్రాయుటలో వీరశైవ సోదరులను నిందించుట నా ఉద్దేశము కాదు. నేనును శివుని కొలుచువాడనే. ఆ మార్గమే కళ్యాణ నగరమున కులపు గోడలను కదలించినది. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగెననియు, అందులకు ఆ తండ్రు లిరువురును ప్రాణములు కోల్పోయిరనియు శరణుల సంప్రదాయము చెప్పుచున్నది. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో తెలుగువారికి ఇచ్చిన బసవపురాణమున అట్టడుగు కులముల భక్తులకు పెద్దపీట కలదు. జైనులపై క్రూరమైన కథలును కలవు. ఒకే చెట్టున తీపి పండు, చేదు పండు రెండును కాసినవి. తీపిని మాత్రమే చూపి, చేదు ఎన్నడును కాయలేదనుట సత్యము కాదు.

జైనుల కథ పాతదనిన, రెండవ తప్పు మన కండ్ల ముందటిది. గుడికి రాళ్లు మోసిన చేతులనే గుడిలోనికి రానీయకపోవుట. అప్పుడు మద్రాసు రాజధానిలో నుండిన మన ప్రాంతమునకు 1947లోనే దేవాలయ ప్రవేశ చట్టము వచ్చినది. 1950 జనవరి 26 నుండి రాజ్యాంగములోని 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. చట్టము వచ్చినంతనే గడప దాటుట జరుగలేదు. దానికి నేనే సాక్షిని, నేనే దోషిని.

1972 ప్రాంతమున నాకు పండ్రెండేండ్లు. మా తండ్రిగారి వెంట అర్చనలో సాయపడుచుంటిని. ఒక కార్తిక సోమవారము నాడు ఒక ముదుసలి ప్రాకారము వెలుపల నిలిచి విభూతి కోరినది. నేను ఆమె చేతిలో పెట్టక, రాతిపై ఉంచి వెనుకకు జరిగితిని. ఆమె దానిని గోటితో ఎత్తి నొసట పెట్టుకొని, “సల్లంగుండు సామీ” అని దీవించి వెడలినది. నన్నెవ్వరును మందలింపలేదు. సంధ్యావందనము తప్పినచో గాయత్రి జపించి ప్రాయశ్చిత్తము చేసికొను ఇంటిలో పుట్టిన నాకు, అది తప్పని తోచుటకు ముప్పది ఏండ్లు పట్టినది.

మనుస్మృతి పదకొండవ అధ్యాయము పాపము నుండి విడివడు మార్గములను చెప్పుచున్నది. అందు మొదట పేర్కొన్నది ఖ్యాపనము, అనగా చేసిన తప్పును నోరు తెరచి చెప్పుట. పిదప అనుతాపము, ఆపై తపస్సు, అధ్యయనము, అవి చేయలేనివానికి దానము. అదే గ్రంథమున శూద్రులకు, చండాలురకు విధించిన కట్టడులు నేడు చదువుటకే కష్టముగా నుండును. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ గారి నాయకత్వమున ఆ గ్రంథమును దహించిరి. పాఠశాలలో వేదము చదువుకొను దినములలో ఆ సంగతి వినగా నాకు మిక్కిలి కోపము వచ్చినది. రాతిపై పెట్టిన విభూతి జ్ఞాపకము వచ్చిన పిదప, ఆ మంట ఎందుకు రగిలినదో నాకు తెలిసినది.

“గతించినవారి పాపము మనకేల?” అని కొందరు అడుగుదురు. తండ్రి చేసిన అప్పును కుమారుడు తీర్చవలెనని మన ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. పూర్వులిచ్చిన మాన్యమును అనుభవించుచు, వారి కీర్తిని చెప్పుకొనుచు, వారి అప్పును మాత్రము మాది కాదనుట న్యాయమా? “ఇతర మతములవారు మన గుళ్లను కూల్చలేదా?” అని మరికొందరందురు. కూల్చిరి, అదియును చరిత్రయే. అయితే ఎదుటివాని పాపమును చూపి తన పాపమును పోగొట్టుకొను ప్రాయశ్చిత్తము ఏ స్మృతిలోను లేదు. ఎవరి హోమము వారే చేయవలెను. 2000 మార్చి 12న రోమునగరమున పోపు రెండవ జాన్ పాల్ గారు తమ మతస్థులు చరిత్రలో చేసిన తప్పులకు బహిరంగముగా దేవుని క్షమాపణ వేడిరి. దానిచే వారి మతము చిన్నది కాలేదు.

మనలోను అట్టి ఉదాహరణము కలదు. పాణకులమున జన్మించిన తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజములపై మోసి శ్రీరంగనాథుని సన్నిధికి చేర్చెనని వైష్ణవులు చెప్పుదురు. 2018 ఏప్రిల్ నెలలో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు శ్రీ సి.ఎస్. రంగరాజన్ గారు హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయమున ఒక దళిత భక్తుని తమ భుజములపై మోసికొని లోనికి తీసికొనిపోయిరి. అది దయ చూపుట కాదు, ఋణము తీర్చుటయని నేను భావించితిని. ఒక్క దినపు సేవతో ఆ ఋణము తీరిపోదు. అయిననూ మొదటి వాయిదా చెల్లినది.

ఆలయ కమిటీ పెద్దలకు నా విన్నపములు రెండు. కుంభాభిషేకము నాటి ఊరేగింపు ఇంతవరకు ఏ వీధి మొగలో వెనుకకు తిరుగుచుండెనో, ఈ మారు ఆ వీధినుండియే మొదలు కావలెను. దాతల శిలాఫలకముపై చివర ఒక పంక్తి ఉండవలెను: ఈ గుడికి రాళ్లు మోసి, లోనికి రాలేకపోయిన వారందరికి మేము ఋణపడి యున్నామని. మొదటి దానికి పెద్దలు సమ్మతించిరి. రెండవది ఇంకను చర్చలో నున్నది. శ్రీశైలమున పాపమును పుణ్యముగా చెక్కిన రాయి అయిదు వందల ఏండ్లు నిలిచినది. తప్పును తప్పుగా చెప్పు రాయి మన ఊర ఒకటి నిలువరాదా?

ఆ ముదుసలి నేడు లేదు. ఆమె మనుమలు, మునిమనుమలు ఊరిలోనే యున్నారు. ప్రతిష్ఠ ముగిసి తలుపులు తెరచిన వేళ వారి అరచేతిలో, నా వ్రేళ్లు తగులునట్లుగా విభూతి పెట్టవలెనని నా సంకల్పము. ఈ వ్యాసమును నా ఖ్యాపనముగా స్వీకరింప ప్రార్థన.

శుభం భూయాత్.